రెండో స్తంభం దగ్గర తన్హూము

తన్హూము గాడిదల వీపున బరువు కింద వేసే గంతలు కుట్టేవాడు. మా కెఫర్ నిమ్రాలో అతను కుట్టిన గంత లేని గాడిద ఉండేది కాదు. ఊరి నుంచి సరస్సు ఒడ్డుకు ఉప్పుచేపల కోసం దిగే దారిలో ఎదురయ్యే గాడిదల్లో కూడా సగం అతని గంతలే మోసేవి. మేకవెంట్రుకల గుడ్డను రెండు పొరలు వేసి, మధ్యన బార్లీ గడ్డి కూరి, సరిగ్గా వెన్నెముక మీదికి వచ్చే చోట రెండు వేళ్ళంత ఖాళీ వదిలి కుట్టేవాడు. ఆ ఖాళీ వదలడం తెలియని చేతిలో గాడిద వీపు నెల తిరగకుండా పుండవుతుంది. ఎందుకంత శ్రమ అని అడిగితే, "అది నోరు తెరిచి అడగదు గదా, మనమే ఆలోచించాలి" అనేవాడు. అతని గడ్డంలోనో, చెవి వెనకనో ఎప్పుడూ ఒక గడ్డిపరక ఉండేది. విశ్రాంతి దినాన తలంటుకుని, ఉతికిన బట్ట కట్టుకుని వచ్చినప్పుడు కూడా ఉండేది.

ఆ ఒక్క రోజున మాత్రం అతను మాకు గంతలవాడు కాడు. గ్రంథంలోని భాష మా పూర్వులది. మా ఇళ్ళల్లో, పొలాల్లో నోటికి వచ్చేది అరామీ. అందుకని సమాజమందిరంలో చదివేవాడు ఒక వచనం చదివి ఆగుతాడు. అతని పక్కన, రెండో స్తంభం దగ్గర నిలబడినవాడు దానిని మా ఇంటి మాటలో చెబుతాడు. ఆ తరువాత మళ్ళీ చదివేవాడి వంతు. మాట అందించే ఆ మనిషికి నియమాలు చాలా ఉన్నాయి. అతను గ్రంథం వైపు చూడకూడదు; చూస్తే అతని మాట కూడా అందులో రాసి ఉందని జనం భ్రమపడతారు. చదివేవాడి గొంతును మించి గొంతు పెంచకూడదు. స్తంభానికి గానీ గోడకు గానీ ఆనకూడదు. ఒక మాట కలపకూడదు, ఒక మాట వదలకూడదు. తన్హూము ఈ పనిని ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. అందులో ఇరవై ఆరేళ్ళు మందిరం పెద్దగా నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. కనుక అతని గురించి రాయడానికి నాకు కొంత అర్హత ఉంది. అది ఎంత కొంచెమో నాకు ఆలస్యంగా తెలిసింది.

అతనిలో నేను ఒకే ఒక తప్పు పట్టేవాడిని. నిలబడడానికి లేచినప్పుడల్లా, మొదటి మాట చెప్పేముందు, అతను కుడిచేతి రెండు వేళ్ళు స్తంభానికి ఆనించి పెదవులు కదిపేవాడు. క్షణం సేపే. కానీ నియమం నియమమే. ప్రార్థన ముగిసి అందరూ ముంగిట్లోకి వచ్చాక నేను అతనిని ఆపేవాడిని.

"తన్హూమూ, స్తంభానికి ఆనుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆనుకోలేదు పెద్దాయనా. రెండు వేళ్ళు పెట్టానంతే."

"ఆ రెండు వేళ్ళూ నీవేనా?"

"నావే."

"అయితే నువ్వు ఆనుకున్నట్టే."

"వదిలెయ్యండి పెద్దాయనా!" అని పక్కనుంచి యాకీము అందుకునేవాడు. "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గంతలు కుట్టాడు. దేన్ని చూసినా గాడిద వీపే అనుకుని నిమురుతాడు."

యాకీము తన్హూముకు మేనత్త కొడుకు, వరసకు బావ, అతని కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పది మంది నవ్వితే గానీ అతనికి తిన్నది అరగదు. అంతకుముందు స్తంభం దగ్గర నిలబడే తన్హూము తండ్రి చనిపోయినప్పుడు, తన్హూము తప్పితే ఆ చోటు ఎక్కడానికి రెండో మనిషిగా అనుకున్నది ఇతనినే. వచనాలన్నీ కంఠస్థం చేసి, ముప్పై ఏళ్ళకు పైగా బల్ల మీదే కూర్చుండిపోయాడు. తన్హూమును అతను ఎందుకు అంతగా ఎగతాళి చేసేవాడో ఊరందరికీ తెలుసు.

ఒకసారి నేను పెదవుల సంగతి కూడా అడిగాను. "ఏమిటి నువ్వు గొణిగేది?"

"కృతజ్ఞత చెప్పుకుంటాను, పెద్దాయనా."

"దేనికి?"

"నిలబడినందుకు."

భక్తిగల మనిషి, మామూలు మాట అనుకుని నేను ముందుకు సాగిపోయాను. తగిన ప్రశ్న అడిగి, తగిన జవాబు అందుకుని, దానిని తూచకుండా పక్కన పెట్టినవాడిని ఏమనాలో నాకు తెలుసు. ఇతరుల విషయంలో చాలాసార్లు అన్నాను.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. తన్హూము ఆ చోట మొదటిసారి నిలబడిన వారం మందిరం కప్పు దూలం పగిలింది. శీతకాలపు వానలకు తడిసి, ఎండకు విచ్చుకుంది. దానిని మార్చడానికి నజరేతు వైపు నుంచి ముగ్గురు కట్టుబడి పనివాళ్ళు వచ్చారు. పని ముగిశాక ఇద్దరు వెళ్ళిపోయారు. మూడోవాడు విశ్రాంతి దినానికి మా ఊళ్ళోనే ఉండిపోయాడు. వచ్చిన అతిథికి ప్రవక్త వాక్యం చదివే గౌరవం ఇవ్వడం మా ఆచారం. అప్పటి మందిరం పెద్ద మా నాన్న ఆ గౌరవం అతనికి ఇచ్చాడు. అతను చదివాడు, మధ్యలో ఆగాడు, అదే వచనం మళ్ళీ మొదటినుంచి చదివాడు. వెనక బల్లల మీద నవ్వులు లేచాయి. "నజరేతు చదువంటే ఇంతే" అని ఎవరో అన్నారు. ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. నాటి నుంచి ఎవడైనా తడబడితే, లెక్క మరిచిపోతే, పెళ్ళిలో ఆశీర్వాదం సగంలో మింగేస్తే, "వీడిదీ నజరేతు చదువే" అనడం అలవాటైంది. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. నాకు గుర్తుంది.

నాలుగేళ్ళ తరువాత, పస్కా పండుగ రోజుల్లో యెరూషలేములో రోమా అధికారి చంపించినవారిలో నజరేతు మనిషి ఒకడున్నాడని మాకు కబురు వచ్చింది. అతను ఊరూరా తిరిగి బోధించినవాడట, జనం వెంట నడిచారట. ఆ పేరు విన్నాక ఒకరిద్దరు, మన దూలం వేసినవాడి పేరూ అదే గదా అన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. యేషువ అన్న పేరు గలిలయలో ఏ గడప తొక్కినా దొరుకుతుంది.

తన్హూము నిలబడడం మొదలైన ముప్పై నాలుగో ఏట, బార్లీ కోతలు ముగిశాక, అంతియొకయ నుంచి నికానోరు అనే మనిషి మా ఊరు వచ్చాడు. నడివయసు వాడు, నెమ్మది మనిషి. చంకలో మైనం పూసిన పలకల కట్ట ఉంది. యెరూషలేములో మరణించిన ఆ బోధకుడిని నమ్మినవారిలో ఒకడు. ఆయనను కళ్ళారా చూసినవాళ్ళు ముసలివాళ్ళైపోతున్నారని, వాళ్ళు పోకముందే చెప్పింది రాసుకోవాలని సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. అతని నమ్మకం నాది కాదు. కానీ సాక్ష్యం కోసం ఎండలో అంత దూరం నడిచినవాడిని నేను తేలిగ్గా చూడను. రొట్టె, ఒలీవలు, ఉప్పుచేప ముందు పెట్టి కూర్చోబెట్టాను.

"మీ మందిరంలో ఆయన చదివారని మగ్దలలో ఒక ముసలమ్మ చెప్పింది, అయ్యా" అన్నాడు.

"ఎవరో ఒకతను చదివాడు. నజరేతు వైపు వాడు. కట్టుబడి పనివాడు. పేరు యేషువ."

అతని కళ్ళు మెరిశాయి. "అయితే ఆయనే."

"తొందరపడకు నాయనా. మా ఊళ్ళోనే ఆ పేరు గలవాళ్ళు ఐదుగురున్నారు. ఒకడు నా అల్లుడు."

"మీ అల్లుడు చదివి ఉండరు గదా?"

"నా అల్లుడికి చదువే వస్తే నా కూతురు ఇన్ని తిట్లు నేర్చుకునేది కాదు."

అతను నవ్వాడు. తరువాత పలక విప్పి, పుల్ల చేతబట్టి అడిగాడు: "ఎలా చదివారు?"

"బాగా చదవలేదు. తడబడ్డాడు. ఒక వచనం రెండుసార్లు చదవాల్సి వచ్చింది."

నికానోరు చెయ్యి ఆగింది. ముఖం చిన్నబోయింది. అయినా రాసుకున్నాడు. తనకు నచ్చనిది కూడా రాసుకున్నాడని నాకు అతని మీద గౌరవం పెరిగింది. రాసి తల ఎత్తకుండానే అడిగాడు: "మీరు చెవులారా విన్నారా, అయ్యా?"

"విన్నాను" అన్నాను.

నిజానికి ఆ రోజు నేను తలుపు దగ్గర ఉన్నాను. నా మూడు నెలల కొడుకు ఏడుస్తుంటే వాడిని ఎత్తుకుని బయటికీ లోపలికీ తిరుగుతున్నాను. రెండో చదువు విన్నాను. మొదటిది వినలేదు. అది అప్పుడే నా మనసులో గుచ్చుకుంది; అయినా మాట వెనక్కి తీసుకోలేదు. బదులుగా నియమం వెనక దాక్కున్నాను. "ఒక్క సాక్షి మాట చాలదు. వారంలో ఐదో రోజున ఊరు మందిరంలో కూడుతుంది. ఆ రోజు చదివినవాడి పక్కన నిలబడి మాట అందించినవాడు ఇంకా బతికే ఉన్నాడు. అతని నోటనే విందువు గాని" అన్నాను.

మర్నాడు పొద్దున్నే తన్హూము ఇంటికి వెళ్ళాను. అతను ముంగిట్లో కూర్చుని కొత్త గంతకు అంచు కుడుతున్నాడు. భార్య షప్పీరా గడ్డి దులుపుతోంది.

"రండి అన్నయ్యా, కూర్చోండి" అంది. "అయ్యో, దాని మీద కాదు! అందులో నిన్నటి సూది ఎక్కడో ఉండిపోయింది. రెండు గాడిదల చేత వెతికించాం."

నేను కూర్చోకుండానే విషయం చెప్పాను. అంతియొకయ మనిషి సంగతి, ఐదో రోజున చెప్పవలసిన సాక్ష్యం సంగతి. తన్హూము చెయ్యి మెల్లగా ఆగిపోయింది.

"ఏం చెప్పమంటారు పెద్దాయనా?"

"జరిగింది చెప్పు. ఆ అతిథి చదవడంలో తడబడ్డాడని."

"మీరు చెప్పేశారా?"

"చెప్పాను."

"రాసుకున్నాడా?"

"రాసుకున్నాడు."

తన్హూము సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. షప్పీరా చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. "ఇక చెప్పెయ్యి" అంది మెల్లగా, అతనితో. "నాతో చెప్పి ఇరవై ఏళ్ళయింది. నా ఒక్కదానితో చెప్పి ఏం లాభం?"

అతను నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఒక మాట అడుగుతాను. మొదటి రోజు మాట తప్పి ఆగిపోయినవాడు దిగిపోవాలి, రెండోవాడు ఆ చోటు ఎక్కాలి, మొదటివాడికి ఇక ఆ చోటు లేదు. మీ నాన్నగారు పెట్టిన కట్టుబాటు గదా?"

"అవును."

"అయితే నేను నిజం చెబితే మీరే నన్ను దిగమనాలి."

"అబద్ధం చెబితే?"

"అప్పుడు దిగమనడానికి మీరు అక్కర్లేదు."

అంతకంటే అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఊరి ముందు చెప్పవలసినది ముందుగా నా చెవిలో పడితే నా తీర్పు చెడుతుంది. కానీ ఇంటికి నడుస్తున్నంతసేపూ ఒక లెక్క వేసుకున్నాను. గంతలు కుట్టినందుకు ఊరు అతనికి కూలి ఇస్తుంది. ఆ స్తంభం దగ్గర నిలబడినందుకు ఏమీ ఇవ్వదు. అయినా ఆ రెండింటిలో ఒకటి వదులుకోమంటే అతను సూదినే వదులుకుంటాడు. ఆరు రోజులు నడుం వంచేవాడికి ఏడో రోజున నిటారుగా నిలబడే చోటు అదొక్కటే.

ఐదో రోజున మందిరం నిండింది. నికానోరు ముందు వరసలో పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన్హూము లేచి రెండో స్తంభం దాకా నడిచాడు. ఆ రోజు వేళ్ళు ఆనించలేదు. చేతులు పక్కన వేలాడేసుకుని నిలబడ్డాడు.

"అప్పటికి నాన్న పోయి నలభై రోజులు" అని మొదలుపెట్టాడు. "ఆ వాక్యం నాకు నాన్నే నేర్పాడు. ఎండిన నేలకు నీళ్ళు వస్తాయన్న వాక్యం. అతిథి మొదటి వచనం చదివాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అంత శుద్ధంగా చదివినవాడిని నేను మళ్ళీ వినలేదు. తడబడింది ఆయన కాదు. నేను."

యాకీము బల్ల మీద ముందుకు వంగాడు.

"నోరు తెరిచాను. నాన్న గొంతు వినబడుతోంది గానీ మాటలు వినబడలేదు. బావ బల్ల మీంచి లేచిన చప్పుడు విన్నాను. అంతే, అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆయన... నా వైపు చూడలేదు. ఆయన చూసి ఉంటే మీరందరూ చూసేవాళ్ళు. పంక్తి మీద నిలిపిన వేలు అలాగే నిలిపి, 'మళ్ళీ చదువుతాను' అన్నాడు. అదే వచనం, ఈసారి మెల్లగా, రొట్టె తుంచి పెట్టినట్టు ముక్కలు ముక్కలుగా చదివాడు. మూడో ముక్క దగ్గర నాకు మాట వచ్చింది. అప్పుడే వెనక నవ్వారు. నజరేతు చదువంటే ఇంతే అన్నారు. ఆయన విన్నాడు. ఏమీ అనలేదు. తరువాతి వచనానికి వెళ్ళాడు."

"తరువాత ఆయనతో మాట్లాడావా?" అని నేను అడిగాను.

"ముంగిట్లో దగ్గరికి వెళ్ళాను. నాకు మాట రాలేదు. 'నాన్న పోయి ఎన్నాళ్ళయింది?' అని ఆయనే అడిగాడు. చెప్పాను. 'మా నాన్న పోయిన నెలలో నేను కొలత తప్పి మంచి దేవదారు దూలం ఒకటి పాడుచేశాను' అన్నాడు. అంతే. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఎప్పటికప్పుడు మీతో చెబుదామనుకున్నాను. అమ్మ ఉంది, ముగ్గురు చెల్లెళ్ళున్నారు, సిగ్గు. తరువాత యెరూషలేము కబురు వచ్చింది. ఇక ఎవరికి చెప్పి ఎవరి మాట సరిచెయ్యాలి? మేలు జరిగిన చోట నిలబడితే స్తోత్రం చెప్పాలని నాన్న నేర్పాడు. అందుకే వేళ్ళు ఆనించేవాడిని. ఆనుకోవడానికి కాదు, పెద్దాయనా. ఇదే ఆ చోటు అని చూపడానికి."

నేను తల ఎత్తలేకపోయాను. ఎన్నేళ్ళు ఆ వేళ్ళను తప్పు పట్టానో లెక్క తెలుస్తూనే ఉంది.

వెనకనుంచి యాకీము లేచాడు. "ఒరేయ్ తన్హూమూ! అంటే ముప్పై నాలుగేళ్ళు నా చోట నిలబడ్డావన్నమాట!"

"అవును బావా."

"మరి దిగు."

తన్హూము స్తంభం దగ్గర నుంచి పక్కకు జరిగాడు. యాకీము కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆ చోట నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, నోరు తెరిచి ఊరికి చూపించాడు.

"చూశారుగా! పైన రెండు, కింద ఒకటి. నేను ఇక్కడ నిలబడి వాక్యం చెబితే ముందు వరసవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని కూర్చోవాలి. ఈ మాట ముప్పై ఏళ్ళ కిందట చెప్పి చావకూడదట్రా? అప్పుడు నాకు పళ్ళున్నాయి!"

మందిరం అంతా నవ్వింది. నవ్వుతూనే యాకీము కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తన్హూము చెయ్యి పట్టుకుని, "ఎక్కు, ఎక్కు. ఈ నోటితో నేను నీ మీద ఎగతాళి మాటలే చెప్పగలను" అన్నాడు.

యాకీము ఇచ్చాడు గదా అని నేను వదిలెయ్యలేదు. ఆ చోటు యాకీముదీ కాదు, నాదీ కాదు. లేచి, మా నాన్న పెట్టిన కట్టుబాటును మాటకు మాట చెప్పాను. చదివేవాడు తరువాతి వచనానికి వెళ్ళేలోగా మాట అందించలేకపోయినవాడు తప్పినవాడు. ఆ రోజు చదివినవాడు తరువాతి వచనానికి వెళ్ళలేదు. వెళ్ళనంతవరకు అందించేవాడి గడువు తీరదు. కనుక తన్హూము తప్పలేదు. ఆ చోటు మొదటి రోజు నుంచీ న్యాయంగా అతనిదే. ఈ మాట చెబుతుండగానే నాకు రెండో సంగతి తట్టింది. ఈ కట్టుబాటు ఆ అతిథికి తెలుసు. తన ఊరి మందిరంలో ఎవరో నేర్పి ఉండాలి. అతను నియమాన్ని మీరి జాలి చూపలేదు. నియమంలో జాలికి ఎంత చోటు ఉందో అంతా వాడాడు. చదువు రానివాడు చేయగల పని కాదది.

"ఇక రెండో తీర్పు" అన్నాను. "నజరేతు చదువంటే ఇంతే అని ఆ రోజు తలుపు దగ్గర అన్నది నేను. మొదటి చదువు వినకుండా అన్నాను. నిన్నగాక మొన్న ఈ అతిథితో, విన్నానని కూడా అన్నాను. నాయనా నికానోరూ, నా సాక్ష్యం చెరిపెయ్యి."

నికానోరు పుల్ల తిరగేసి, దాని చదును కొసతో మైనాన్ని మెల్లగా నున్నగా చేశాడు. తరువాత, "ఆయనే అని మీరిద్దరూ ప్రమాణం చేస్తారా?" అని అడిగాడు.

"చెయ్యను" అన్నాను. "నజరేతు వైపు వాడు. కట్టుబడి పనివాడు. పేరు అదే. వయసు సరిపోతుంది. నాలుగూ నిజమే. నాలుగూ కలిపినా ప్రమాణానికి చాలవు."

తన్హూము తల ఊపాడు. "నాకూ తెలీదు, అయ్యా. ఆ కబురు విన్న రోజున ఏడ్చాను. మా అతిథే అయితే మా అతిథి కోసం. కాకపోతే ఆ పోయినాయన కోసం. రెండు ఏడుపులు వేరుగా రాలేదు నాకు."

నికానోరు లేచి అతనిని కౌగిలించుకున్నాడు. నేను చూసినంతలో ఆ రోజు అతను మళ్ళీ పుల్ల పట్టలేదు. ప్రమాణం లేనిది రాయకపోవడం సరైన పనే. నేనైనా అదే చేసేవాడిని. కానీ అతను పలకలు కట్టుకుని సరస్సు దారి పట్టాక, ఎవరి రాతలోనూ లేకుండా ఈ సంగతి మా మందిరం గోడల మధ్యే ఉండిపోతుందే అనిపించింది. అతిథి పేరు నిరూపించలేను. అతను చేసిన పనికి మాత్రం సాక్షి ఉన్నాడు. ఆ సాక్షి తన చోటు పోతుందని తెలిసి చెప్పాడు. నా జీవితంలో నేను తూచిన సాక్ష్యాల్లో ఇంత బరువైనది లేదు. అందుకే రాస్తున్నాను.

తరువాతి విశ్రాంతి దినాన తన్హూము లేచి స్తంభం దగ్గరికి వచ్చాడు. చెయ్యి సగం దాకా ఎత్తి, నా వైపు చూసి, దించేశాడు. ఇరవై రెండేళ్ళు మందలించిన నోరు గదా నాది, ఆ భయం ఒక్క వారంలో పోదు.

నేను ఆ రోజు ముందు వరసలో లేను. తలుపు దగ్గర, ఆ మాట అన్న చోటే నిలబడ్డాను. అక్కడి నుంచే అందరికీ వినిపించేలా అన్నాను: "తన్హూమూ, చెయ్యి పెట్టు. పెట్టి, ఆ గొణిగేదేదో గట్టిగా చెప్పు. ఇన్నేళ్ళు నువ్వొక్కడివే చెప్పావు. ఆమేన్ అనే వంతు మాకు రాలేదు."

అతను రెండు వేళ్ళు రాతికి ఆనించాడు. "ఈ చోట నాకు మేలు చేసిన..." అని ఆగిపోయాడు.

ఎవరూ లేవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. కిటికీలోంచి వచ్చిన ఎండలో అతని చెవి వెనక గడ్డిపరక మెరుస్తోంది. మేము కాచుకుని కూర్చున్నాము. కాచుకోవడం ఆ అతిథి మా మందిరానికి నేర్పిన పని. నేర్చుకోవడానికి మాకు ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

"ఈ చోట నాకు మేలు చేసిన దేవునికి స్తోత్రం" అన్నాడు తన్హూము.

ఆమేన్ అన్నాము. అందరికంటే గట్టిగా అన్నది యాకీము. అతని ముందు కూర్చున్నవాడు మెడ తుడుచుకున్నాడు.